కిటికీ అంకుల్

పోర్ట్‌లీష్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఆదివారం పొద్దున మెసేజ్ వచ్చింది. "మన డాక్టర్ గారి హస్బెండ్ హార్ట్ ఎటాక్‌తో పోయారు. ఓం శాంతి." దాని కింద వరసగా దండం పెట్టే చేతులు. మధ్యలో ఒకాయన "ఏ డాక్టర్ గారు?" అని అడిగాడు. "పిల్లల డాక్టర్ గారండీ. కిటికీలు బాగుచేసే ఆయన ఉండేవారు కదా, ఆయన మిసెస్" అని ఇంకెవరో జవాబిచ్చారు. అప్పుడు అందరికీ అర్థమైంది. మళ్ళీ దండాలు.

నేనూ రెండు చేతులు పెట్టాను. పెట్టి, ఫోన్ బోర్లించి, పప్పుకు పోపు వేశాను. ఆవాలు చిటపటలాడుతుంటే అక్కడే నిలబడిపోయాను. పోపు మాడింది.

ఆ గ్రూపులో ఆయన చాలా ఏళ్ళున్నారు. ఎవరైనా కిటికీ ఫొటో పెట్టి ఇదేమిటని అడిగితే ఓపిగ్గా, చిన్న పిల్లలకు చెప్పినట్టు జవాబు రాసేవారు. అయినా పోయిన రోజున కూడా ఆయన పేరు ఎవరూ రాయలేదు. చాలామందికి తెలియదు. నాకు తెలుసు. ఇంటిపేరుతో సహా, ఇంగ్లీషు స్పెల్లింగుతో సహా తెలుసు. ఇక్కడ మాత్రం రాయను. ఒకసారి నేను ఆ పేరు పలికినందుకు జరిగింది చాలు.

ఆయన్ని మొదటిసారి చూసింది ఎవరిదో పాప పుట్టినరోజు ఫంక్షన్‌లో. డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు పోటీపడి మనుషుల్ని తీసుకుంటున్న రోజులవి. ఉద్యోగాలు దొరికేవి, ఇళ్ళు దొరికేవి కావు. మాలాంటివాళ్ళం గంట రైలు దూరంలో ఉన్న పోర్ట్‌లీష్‌కి వచ్చి పడ్డాం. ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా మగవాళ్ళు ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే.

"ఎక్కడ చేస్తున్నారండీ?"

"అద్దాలండి," అన్నారాయన.

"ఓ, ఆప్టికల్సా?"

"కాదండి. కిటికీలు. కిటికీల కంపెనీలో ఫిట్టర్ని."

అడిగినాయన ప్లేటులో పకోడీ కోసం వెతుక్కుంటూ పక్కకి తిరిగాడు. ఈయన మాత్రం ఇంకా ఏదో అడుగుతారేమోనని ఆ ముఖం వైపే చూస్తూ కాసేపు నిలబడ్డారు.

పొడుగ్గా, సన్నగా ఉండేవారు. ఇస్త్రీ చేసిన ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, మణికట్టు దాకా బొత్తాలు. పనిలో ఉన్నప్పుడు మీద ఆ మెరిసే పసుపుపచ్చ జాకెట్ ఉన్నా లోపల చొక్కా అదే. జేబులో రెండు రుమాళ్ళు ఉండేవి, నీలంది ముఖానికి, తెల్లది అద్దానికి. పొరపాటున కూడా తెల్లదానితో ముఖం తుడుచుకోగా నేను చూడలేదు.

ఎవరింటికి వెళ్ళినా చెప్పులు విప్పి, సోఫా వైపు చూడకుండా నేరుగా కిటికీ దగ్గరికి నడిచేవారు. జ్వరం చూసినట్టు అద్దం మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనించేవారు. "ఎప్పట్నుంచి ఉందండి ఈ మసక? పొద్దున ఎక్కువా, సాయంత్రం ఎక్కువా? ఎండొస్తే తగ్గుతోందా?" అని అడిగేవారు. ఇంటివాళ్ళు నవ్వితే తనూ నవ్వేవారు. "మా ఇంట్లో ఇద్దరిదీ వైద్యమేనండి. ఆవిడ పేషెంట్లు ఏడుస్తారు, నా పేషెంట్లకి చెమటలు పడతాయి." ఈ ఒక్క జోకు నేను కనీసం పదిసార్లు విన్నాను. పదోసారి కూడా కొత్తగా చెబుతున్నట్టే చెప్పేవారు.

ఆయన వెనకాల మనవాళ్ళకూ ఒక జోకు ఉండేది. ఆయన గుమ్మంలో కనపడగానే ఎవరో ఒకరు గొంతు తగ్గించి "విండోస్ సపోర్ట్ వచ్చింది" అనేవారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, పడీ పడీ నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను.

ఆయన చెన్నై దగ్గర ఒక అద్దాల ఫ్యాక్టరీలో పదహారేళ్ళు ఇంజనీరుగా చేశారని, చేతి కింద ఇరవై మంది ఉండేవారని నాకు తర్వాత తెలిసింది. ఆవిడకి ఇక్కడ ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే భార్య వీసా మీద వచ్చిన భర్త. మొదట్లో పని చేసే అనుమతే లేదు. వంట చేసి, ఆవిడకి క్యారియర్ కట్టి, తర్వాత ఊరంతా నడుస్తూ ఇళ్ళ కిటికీలు చూసేవారట. రూల్ మారి అనుమతి వచ్చిన వారంలోనే ఊళ్ళో కిటికీల కంపెనీలో ఫిట్టర్‌గా చేరారు. ఇంజనీరు ఫిట్టరేమిటని వాళ్ళ బంధువులు ఫోన్లో అంటే, "అద్దం అదే కదా" అన్నారట.

ఇక మా ఇంటి సంగతి.

మాది ఇళ్ళ బూమ్ రోజుల్లో హడావిడిగా కట్టిన ఎస్టేట్‌లో ఒక అద్దె ఇల్లు. ఇక్కడి కిటికీలకు రెండేసి అద్దాలు ఉంటాయి, చలి లోపలికి రాకుండా. మా పాప సహస్ర గదిలోని కిటికీలో ఆ రెండు అద్దాల మధ్య మసక పట్టింది. మొదట ఒక మూల అరచేయంత. దసరా నాటికి సగం. డిసెంబరు వచ్చేసరికి కిటికీ మొత్తం పాలు పోసినట్టయింది. లోపల తుడిచాను, బయట నిచ్చెన వేసి మా ఆయన రవితో తుడిపించాను. పోలేదు. చల్లబడ్డ ఆ అద్దం మీద గది వైపు కూడా నీళ్ళు కారి, గట్టు మీద నల్లటి బూజు మొదలైంది. సహస్రకి అప్పుడు నాలుగేళ్ళు. దగ్గు పట్టుకుంది. మా జీపీ డాక్టరు రెండుసార్లు మందు రాసి, మూడోసారి "ఇంట్లో చెమ్మ ఉందా?" అని అడిగాడు.

ఇంటి ఓనర్‌ని మేమెప్పుడూ చూడలేదు. మధ్యలో ఏజెంట్ ఒకామె. ఇల్లు చూడటానికి వచ్చి, ముందు వంటింట్లోకి వెళ్ళి గాలి పీల్చింది. తర్వాత పాప గదిలో కిటికీ చూసి, చాలా మర్యాదగా నవ్వుతూ చెప్పింది, "మీరు అన్నం ఎక్కువ ఉడికిస్తారు కదా. ఆ ఆవిరే ఇదంతా. కిటికీలు తెరిచి పెట్టుకోండి." బయట మంచు కురిసేలా ఉంది. వారం తర్వాత ఈమెయిల్ వచ్చింది. ఇంటిని తేమతో పాడుచేస్తున్నామని, రెండు నెలల్లో లీజు అయిపోతుంది కాబట్టి పొడిగించాలా వద్దా అని ఓనర్ ఆలోచిస్తున్నారని.

ఆ మాటకి ఆ రోజుల్లో అర్థం వేరు. ఆ ఇంటికోసం మేము వానలో నలభై మంది వెనకాల లైన్లో నిలబడ్డాం. ఖాళీ చేయమంటే ఎక్కడికి పోవాలి? రవి అన్నం వండటం మానేద్దామన్నాడు. నిజంగానే అన్నాడు. పది రోజులు చపాతీలు తిన్నాం. మసక అలాగే ఉంది.

అప్పుడు నేను ఆయనకి ఫోన్ చేశాను.

"అన్నా, ఒకసారి వచ్చి మా కిటికీ చూస్తరా?"

ఆయన ఎప్పటిలా "వచ్చేస్తానమ్మా" అనలేదు. ఏ ఎస్టేట్ అని అడిగారు. చెప్పాను. "ఆ కిటికీలు పెట్టింది మా కంపెనీయేనమ్మా. మా ఓనర్‌కి సగం పని ఆ ఏజెంట్ దగ్గర్నుంచే వస్తుంది. నేను రావడం బాగోదేమో. ఇంకెవరినైనా పిలవండి" అన్నారు.

ఇంకెవరు వస్తారు? రెండు రోజులాగి మళ్ళీ చేశాను. ఈసారి సహస్రని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చేశాను. అది దగ్గుతూనే ఉంది. ఫోన్ దాని నోటికి దగ్గరగా పట్టుకున్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

"పాపకి తగ్గలేదా అమ్మా?"

"తగ్గుతలేదన్నా. మీరొక్కరే చెప్పగలరు."

"శనివారం పొద్దున వస్తాను," అన్నారు.

వచ్చారు. కంపెనీ జాకెట్ లేకుండా, ఇస్త్రీ చొక్కాతో. కిటికీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని సహస్రని పిలిచారు. "ఏవమ్మా, ఈ మసక మీద వేలితో నీ పేరు రాయి చూద్దాం." అది రాసింది. అక్షరం పడలేదు. "బయటికెళ్ళి రాద్దామా?" ఎత్తుకుని బయటికి తీసుకెళ్ళి అటువైపు నుంచి రాయించారు. అక్కడా పడలేదు. "మరి ఎక్కడుందమ్మా ఇది?" సహస్ర ఆలోచించి "ఇన్‌సైడ్ ద గ్లాస్!" అంది. "చూశారా, నాలుగేళ్ళ పిల్లకి తెలిసింది. మీ వంటింటి ఆవిరి గదిలో అద్దం మీద పడుతుంది గానీ ఈ రెండింటి మధ్యకి ఎలా వెళ్తుందండి?"

తర్వాత నేనిచ్చిన టీ కప్పు తాగకుండా, వేడిగా ఉండగానే అద్దానికి ఆనించి పట్టుకున్నారు. కాసేపటికి కప్పు తీస్తే మసకలో గుండ్రంగా ఒక రంధ్రం తేటపడింది. సహస్ర అందులోంచి చూసి, పక్కింటి కుక్క కనపడిందని గంతులేసింది. నెలల తర్వాత ఆ గదిలోంచి బయట ఏదో కనపడటం అదే. నిమిషంలో ఆ గుండ్రం మళ్ళీ మూసుకుపోయింది.

ఆయన నాకూ రవికీ వివరంగా చెప్పారు. రెండు అద్దాల మధ్య చుట్టూ ఒక పట్టీ ఉంటుందట, కొత్త చెప్పుల డబ్బాలో పెట్టే పొట్లంలాగా దాని కడుపులో తేమ పీల్చే గుళికలు పోస్తారట. అంచుల్లో అతుకు గట్టిగా ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. అతుకు ఊడితే బయటి గాలి లోపలికి పోతుంది, గుళికలు తాగగలిగినంత తాగి చేతులెత్తేస్తాయి. "ఇది పోయిందండి," అన్నారు, మనిషి గురించి చెప్పినట్టు. "ఫ్రేము బాగుంది, అద్దం జత ఒక్కటీ మారిస్తే చాలు. కొందరు చిన్న చిల్లు పెట్టి ఆరబెడతామంటారు, అది నాలుగు రోజుల వైద్యం. కానీ అతుకు ఎందుకు ఊడిందో చూడాలి."

బయటికి వెళ్ళి ఫ్రేము అడుగున వేలితో తడిమారు. వాన నీళ్ళు పోవడానికి అక్కడ చిన్న కంతలు ఉంటాయట. మావి సిమెంటు పెళ్ళలతో పూడుకుపోయి ఉన్నాయి. జేబులోంచి సైకిల్ చువ్వ ఒకటి తీసి మెల్లగా పొడిచారు. గోధుమరంగు నీళ్ళు బుడబుడా కారాయి. ఎంతసేపని! రవి నోరు తెరుచుకుని చూశాడు. "ఇన్నేళ్ళూ ఈ నీళ్ళలోనే నిలబడి ఉందండి పాపం. కట్టినప్పటి తప్పు ఇది. మీదేం కాదు."

మీదేం కాదు అని మాకు ఆ ఇంట్లో మొదటిసారి ఎవరో చెప్పారు. నాకు ఏడుపొచ్చింది.

"ఇదే కాగితం మీద రాసిస్తరా అన్నా?"

రాశారు. సహస్ర బొమ్మలేసుకునే కాగితం మీద, ఇంగ్లీషులో, ముత్యాల్లాంటి రాతతో. పక్కన కిటికీని నిలువునా కోసినట్టు బొమ్మ గీసి, నీళ్ళు ఎటునుంచి ఎటు పోవాలో బాణాలు వేశారు. రాస్తున్నంతసేపూ ఆయన ముఖం వేరేగా ఉంది. వాటర్‌ఫోర్డ్‌లో ఒక కోర్సు ఉందని, ఇళ్ళల్లో వేడి పోకుండా చూసే పని గురించని, కంపెనీ నుంచి అనుభవం లెటరు వస్తే సీటు ఇస్తామన్నారని అప్పుడే చెప్పారు. "మళ్ళీ ఇంజనీరునవుతానమ్మా," అన్నారు, కొంచెం సిగ్గుపడుతూ.

అడుగున సంతకం పెట్టలేదు. "నా పేరు మాత్రం ఎక్కడా రాకూడదమ్మా. అర్థం చేసుకోండి."

"మీ పేరు ఎందుకు వస్తదన్నా? సహస్ర మీద ఒట్టు," అన్నాను. ఆయన కంగారుపడి "పిల్ల మీద ఒట్లెందుకమ్మా" అన్నారు.

కాగితంలోని మాటలు టైపు చేసి, బొమ్మ ఫొటో జతచేసి ఏజెంట్‌కి పంపాను. నాలుగు రోజులు ఏమీ లేదు. ఐదో రోజు ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది. మా ఆఫీసులో ఫోన్ మాట్లాడుకోవడానికి మనిషి పట్టేంత గాజు గదులుంటాయి. అందులోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

ఆమె గొంతు ఎప్పట్లాగే మర్యాదగా ఉంది. ఓనర్ తరఫు మనిషి వచ్చి బయటి నుంచి చూశాడట. ఎవరో ఫ్రేములో పనిముట్టు పెట్టి కెలికారని చెప్పాడట. ఆ బొమ్మ గీసింది అద్దాల పని తెలిసినవాడేనట. "ఎవరో చెప్పకపోతే, కిటికీ మీరే పాడుచేశారని ఓనర్ అనుకోవాల్సి వస్తుంది. చెబితే మాత్రం ఇది మీ తప్పు కాదని నేను రాయగలను. లీజు కాగితాలు నా ముందే ఉన్నాయి."

చాలాసేపు ఆలోచించానని తర్వాత ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆలోచించలేదు. గాజు గోడ అవతల మా మేనేజర్ మీటింగుకి రమ్మని గడియారం చూపిస్తున్నాడు. నేను పేరు చెప్పాను. ఆమె స్పెల్లింగ్ అడిగింది. ఒక్కో అక్షరం చెప్పాను. 'డి ఫర్ డబ్లిన్' అని కూడా చెప్పాను, తప్పు రాసుకోకుండా.

"ఆయన్ని మీరు పిలిచారా?" అని అడిగింది.

"లేదు," అన్నాను. "మేం పిలవలేదు. ఆయనే వచ్చాడు. ఏం చేస్తున్నాడో మాకు తెలియదు."

ఇంత అబద్ధం ఆమె అడగలేదు. పేరు చెబితే సరిపోయేది. రెండోది నేనే కలిపాను, మా మీద ఏ మచ్చా మిగలకూడదని.

మా లీజు ఏడాదికి పొడిగించారు. నెలలోపు ఇద్దరు ఫిట్టర్లు వచ్చి సహస్ర గదిలో అద్దం జత మార్చి వెళ్ళారు. ఆ కంపెనీ వాళ్ళే. వాళ్ళలో ఆయన లేరు.

ఒకరోజు రవి రైల్లో ఎవరో చెప్పారని వచ్చాడు. "పాపం, డాక్టరమ్మ వాళ్ళాయన్ను పనిలోంచి తీసేసిన్రట. ఎవరో కంప్లైంట్ ఇచ్చిన్రట." చెబుతూ నా వైపు చూశాడు. "మన కిటికీ సంగతి బయటపడ్డదా ఏంది?"

"మనం పేరే చెప్పలేదు గదా," అన్నాను.

ఆ ఉగాదికి ఊరి కమ్యూనిటీ హాల్లో అందరం కలిశాం. ఆయన ఒక బల్ల దగ్గర నిలబడి పేపరు కప్పుల్లో పచ్చడి పోసి అందరికీ ఇస్తున్నారు. నేను తప్పుకుని పోదామనుకున్నాను. వెనకాల లైను, వెనక్కి తిరిగే వీల్లేదు. నా వంతు వచ్చింది. కప్పు చేతికిచ్చారు.

"పాపకి దగ్గు తగ్గిందామ్మా?"

"తగ్గిందన్నా."

"అద్దం మార్చారా?"

"మార్చిన్రు."

"కింద కంతలు పూడకుండా చూసుకుంటూ ఉండండి. ఆర్నెల్లకోసారైనా."

అంతే. వెనకాల ఆవిడకి కప్పు అందించారు. ఆయన ముఖంలో ఏమైనా ఉందేమోనని వెతికాను. ఏమీ కనపడలేదు. తెలియదన్నమాట అనుకున్నాను. హాయిగా అనుకున్నాను. ఆ రోజు రెండుసార్లు పులిహోర వేయించుకున్నాను.

కానీ ఒకటి గమనించాను. ఆ హాలుకి నిలువెత్తు కిటికీలు ఆరున్నాయి. వాటిలో రెండింటికి అద్దాల మధ్య మసక పట్టి ఉంది, తలుపు దగ్గర్నుంచే కనపడుతోంది. ఆయన ఒక్కసారీ అటు వెళ్ళలేదు. ఆ తర్వాత కూడా ఎవరింట్లో కలిసినా చెప్పులు విప్పి నేరుగా సోఫాలో కూర్చునేవారు, అందరిలాగే. జేబులో ఒకటే రుమాలు. గ్రూపులో ఎవరో కిటికీ ఫొటో పెట్టి అడిగితే "తెలిసినవాళ్ళకి చూపించండి" అని రాశారు. ఎవరూ ఆ తేడా పట్టించుకోలేదు. జోకు చెప్పడం మానేశారని కూడా ఎవరూ అనుకోలేదు.

కొన్నాళ్ళకి మగవాళ్ళ ప్రశ్నకి ఆయన జవాబు మారింది.

"ఎక్కడ చేస్తున్నారండీ?"

"అత్లోన్‌లోనండి. ఫార్మా."

"ఓ, ఫార్మానా! గుడ్ గుడ్." ఇప్పుడు కుర్చీ దగ్గరికి జరుపుకుని మాట్లాడేవారు. ఆ కంపెనీలో ఆయన ప్యాకింగ్ లైను దగ్గర నిలబడి అట్టపెట్టెలు మూసే పని చేస్తున్నారని ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఇంత గౌరవం ఆయనకి అద్దాల పనిలో ఉన్నన్నాళ్ళూ దక్కలేదు.

మేము తర్వాత అదే ఊళ్ళో సొంత ఇల్లు కొనుక్కున్నాం. గృహప్రవేశానికి పిలిస్తే ఆయన వచ్చారు, ఆవిడకి డ్యూటీ ఉందని ఒక్కరే. స్వీటు తిన్నారు, పాపని ఎంత ఎదిగావమ్మా అన్నారు, వెళ్ళారు. కొత్త ఇంట్లో పద్నాలుగు కిటికీలున్నాయి. ఒక్కటీ చూడలేదు. నేను చూడమనీ అడగలేదు.

ఆయన పోయిన తర్వాతి శనివారం పరామర్శకి వెళ్ళాం. దహనం డబ్లిన్‌లో అయిపోయింది, చుట్టాలు వచ్చి వెళ్ళిపోయారు. రవిని, సహస్రని కార్లోనే ఉండమన్నాను. "ముందు నేను పోయి చూసొస్త, ఆమె ఎట్లున్నదో" అన్నాను. చెబుదామనే వెళ్ళాను. మొత్తం కాకపోయినా, కొంత.

డాక్టర్ గారు తలుపు తీశారు. ముఖం పీక్కుపోయి ఉంది. లోపల కూర్చోబెట్టి ఎదురుగా కూర్చున్నారు. నేను మొదలుపెట్టాల్సిన చోట మొదలుపెట్టలేకపోయాను. అందరూ అనేదే అన్నాను.

"చాలా మంచివారండీ. ఎవరు పిలిచినా వచ్చేవారు."

ఆవిడ తలెత్తి చూశారు.

"మీరు పిలిచారా?"

నేను ఆవిడ వెనకున్న కిటికీ వైపు చూశాను.

"చెప్పండి. మీరు పిలిస్తేనే వచ్చారా? మీ నోటితో విందామని అడుగుతున్నాను."

"పిలిచిన," అన్నాను. "రెండుసార్లు పిలిచిన."

ఆవిడ, పేషెంటు తల్లికి రిపోర్టు చదివి చెప్పినట్టు, గొంతు పెంచకుండా చెప్పారు. "ఏజెంట్ పంపిన ఈమెయిల్‌ని వాళ్ళ కంపెనీ ఓనర్ ఆయన ముందు పెట్టి చదివాడు. ఎవరు చెప్పారో, ఏం చెప్పారో, అన్నీ ఉన్నాయి అందులో. లెటరు అడిగితే తీసేశామనే రాసిచ్చాడు, వాటర్‌ఫోర్డ్ వాళ్ళు సీటు ఇవ్వలేదు. అయినా మిమ్మల్ని ఒక్క మాట అనలేదు ఆయన. చిన్న పిల్లున్న ఇల్లు, ఇళ్ళు దొరకని రోజులు, భయపడి పేరు చెప్పేసింది, ఇంకేం చేస్తుంది అన్నారు. నేను ఫోన్ చేసి మిమ్మల్ని కడిగేస్తానంటే చెయ్యనివ్వలేదు."

"డాక్టర్ గారూ..."

"ఉండండి. ఆ ఇంకో మాట ఒక్కటీ ఆయన మనసులోంచి పోలేదు. పిలవకుండా వచ్చాడన్నారట కదా. నెలల తరబడి అదే అడిగేవారు నన్ను. అన్నం తింటూ అడిగేవారు, బస్సుకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి అడిగేవారు. 'నేను పిలవకుండా వెళ్ళానా? పిలిచారు కదూ? నువ్వు విన్నావు కదూ ఫోను?' అని. విన్నానండీ, వాళ్ళు పిలిచారండీ అనేదాన్ని. అయినా నమ్మకం కుదిరేది కాదు. ఎవరింటికి వెళ్ళాలన్నా, వాళ్ళు నిజంగా రమ్మన్నారా, మాటవరసకి అన్నారా అని పదిసార్లు అడిగేవారు. మీ గృహప్రవేశానికి కూడా మెసేజ్ నాకు చూపించి వెళ్ళారు. చూడు, పిలిచారు అని."

నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు. టిష్యూ డబ్బా నా వైపు జరిపి లేచి నిలబడ్డారు.

"ఆయన క్షమించారు. నాకు అంత మనసు లేదు. మీరు ఇక్కడ కూర్చుని ఏడుస్తుంటే చూడలేను. వెళ్ళండి."

తలుపు దాకా వచ్చారు, మర్యాద తప్పకుండా. నేను మెట్లు దిగకముందే వెనకాల గడియ పడింది.

కార్లోకి ఎక్కుతుంటే రవి అడిగాడు, "ఏంది, అప్పుడే వచ్చినవ్? మేం రావాల్నా?"

"వద్దు. టాబ్లెట్ వేసుకొని పడుకున్నదట," అన్నాను.

"పాపం," అని రవి కారు స్టార్ట్ చేశాడు.

వెనక సీట్లోంచి సహస్ర ముందుకి వంగింది. దానికి ఇప్పుడు పదకొండేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇక్కడి యాసలో ఇంగ్లీషులోనే. "డిడ్ యు సే సారీ టు హర్, మామ్?" అని అడిగింది. చావింటికి వెళ్తే ముందు ఆ మాట చెప్పాలని దానికి స్కూల్లో నేర్పారు.

"చెప్పిన," అన్నాను.